గవరయ్యకు తెలియని గుండెపోటు

ఆ పొద్దున రోజారాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్యూటీకి సెలవు చెప్పాలి. పదింటికి విశాఖపట్నం నుంచి వచ్చే వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ ఇవ్వాలి. మర్నాడు ఏమీ ఎరగనట్టు బెంగాల్‌లో తను పనిచేసే ఖిదిర్‌పూర్ నర్సింగ్ హోమ్‌కు వెళ్ళి సూదిమందులు వెయ్యాలి.

ఇంత చిన్న పనికే ఆమెకు రాత్రంతా నిద్ర పట్టలేదు. కారణం మేట్రను భానుమతి. భానుమతిదీ శ్రీకాకుళం వైపే. మనవాళ్ళే కదా, కాస్త జాలి చూపిస్తుంది అనుకుంటే పొరపాటు. మిగతా నర్సులను బెంగాలీలో నాలుగు మాటలని వదిలేసేది, రోజారాణిని మాత్రం తెలుగులో తృప్తిగా తిట్టేది. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వింటే రోజారాణి ట్రేతో సహా దగ్గరున్న గదిలోకి తప్పుకునేది. పైగా ఈ మధ్య మేట్రను ఫోన్ మోగగానే దుప్పట్ల గదిలోకి పోయి తలుపేసుకుంటోంది. ఎవరి ఉద్యోగం ఊడగొట్టడానికోనని నర్సులందరికీ గుబులు.

వైజాగ్‌లో నర్సుగా ఉన్న పిన్ని కూతురు మేరీరాణిని పట్టుకుని రోజారాణి అక్కడి ఆస్పత్రి గురించి అన్నీ ఆరా తీసింది. జీతం ఇక్కడికి ఒకటిన్నర రెట్లు. ఉండడానికి గది ఇస్తారు. వరసగా నైట్ డ్యూటీలు వెయ్యరు. కుదురుగా నాలుగేళ్ళు చేస్తే వార్డు ఇన్‌ఛార్జి కావచ్చు. ఇక్కడ ఆ కుర్చీ దక్కాలంటే పైవాళ్ళు రిటైరవ్వాలి, వాళ్ళెవరికీ ఆ ఉద్దేశం ఉన్నట్టు లేదు.

కానీ అక్కడ ఖాయం కాకముందే ఇక్కడ మేట్రనుకు తెలిస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. తండ్రి గవరయ్య పోర్టులో పని మానేశాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

జ్వరమని చెబుదామనుకునే ఫోన్ చేసింది. అటునుంచి "ఏటి?" అన్న గొంతు వినపడగానే, భయంలో జ్వరం కాస్తా గుండెపోటైపోయింది.

"మేడం, మా అయ్యకి గుండెల్లో నొప్పొచ్చినాదండి. ఈయేళ రాలేను."

"ఓలమ్మా! తొంగోబెట్టు, కదలనీకు. నానే అంబులెన్సేసుకొచ్చేత్తన్నాను."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ మళ్ళీ చేసినా ఎత్తలేదు. జబ్బు పేరుతో సెలవు అడిగితే ఇంకెక్కడైనా సెలవిస్తారు, ఆస్పత్రివాళ్ళు మాత్రం వైద్యం చేస్తారు. ఆ సంగతి రోజారాణికి అప్పుడు తట్టింది.

గవరయ్య గడప దగ్గర కూర్చుని చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటున్నాడు.

"అయ్యా, లెగు! మంచమెక్కి తొంగో!"

"ఏటే? ఎందుకూ?"

"నీకు గుండెపోటొచ్చింది."

"నాకా? ఎప్పుడే?"

"ఇప్పుడే! మా మేట్రనొస్తంది. నాను అబద్ధమాడేసినానని తెలిస్తే నా ఉద్యోగం పోతాది. నీ కాళ్ళట్టుకుంటాను అయ్యా!"

కూతురి ముఖం చూసి గవరయ్యకు నిజంగానే గుండె దడదడలాడింది. చెయ్యి కడుక్కోకుండానే మంచమెక్కాడు. సందులో అంబులెన్సు కూత వినపడింది.

వీధి కుళాయి నుంచి బిందెతో వస్తున్న అప్పలలక్ష్మికి ఎవరూ ఏమీ చెప్పలేదు. పొద్దున్నే చద్దన్నంలోకి పచ్చిమిరపకాయ అడిగిన మొగుడు స్ట్రెచర్ మీద ఎదురయ్యాడు. బిందె జారవిడిచి, "పైడితల్లమ్మా! నా మొగుణ్ణి నాకిచ్చెయ్యి, నీకు కోడిని కోత్తాను!" అని గుండెలు బాదుకుంది. ఆ ఏడుపుకు సందులోని శ్రీకాకుళం వాళ్ళంతా పోగయ్యారు. నిజం చెబుదామని రోజారాణి నోరు తెరిచింది. పక్కన భానుమతిని చూసి మూసేసుకుంది.

అంబులెన్సులో భానుమతి గవరయ్య నాడి పట్టుకు కూర్చుంది. "కంగారు పడకే, నానున్నాను కదా" అంది రోజారాణితో. ఆ మంచి మాట తిట్టు కన్నా ఎక్కువ భయపెట్టింది. సరిగ్గా అప్పుడే రోజారాణి చేతిలో ఫోన్ మోగింది.

"ఈయేళప్పుడు ఫోనేటే!" అని భానుమతి లాక్కుని, ఆపబోయి కాల్ ఎత్తేసింది. తెర మీద ఒకామె చిరునవ్వుతో ప్రత్యక్షమైంది.

"గుడ్ మార్నింగ్ రోజారాణి గారూ, స్టాఫ్ నర్సు ఇంటర్వ్యూకి సిద్ధమేనా?"

అయిపోయిందనుకుని రోజారాణి కళ్ళు మూసుకుంది.

"అయ్యో, భానుమతి గారా! మీ ఆర్డరు మొన్ననే పంపించాం కదండీ. వచ్చే నెలేగా మా దగ్గర మేట్రనుగా చేరేది?" అంది తెర మీది ఆమె.

రోజారాణి కళ్ళు తెరిచింది. భానుమతి ముఖంలో భయాన్ని ఆమె చూడడం అదే మొదలు. దుప్పట్ల గది గుట్టు తెలిసిపోయింది.

"అమ్మా, నా నొప్పి తగ్గిపోనాది. దిగీమంటారా?" అన్నాడు గవరయ్య.

భానుమతి ఫోన్‌ను చేత్తో మూసి, "ఒలే, ఈ సంగతి ఇక్కడ ఎవులికీ సెప్పకే" అని గొణిగింది.

"మీరూ సెప్పకండి మేడం."

"ఈ అమ్మాయి మీకు తెలుసా? పని ఎలా చేస్తుంది?" అని తెర మీది ఆమె అడిగింది.

భానుమతి రోజారాణినీ, స్ట్రెచర్ మీది గవరయ్యనూ మార్చి మార్చి చూసింది.

"తండ్రికి గుండెపోటొచ్చినా ఇంటర్వ్యూ మానని పిల్లండి. తీసుకోండి. నా కిందే వెయ్యండి."

గవరయ్యకు ఈసీజీ తీయక తప్పలేదు. గుండె గుండ్రాయిలా ఉందన్నారు. పైడితల్లి మొర విన్నదని అప్పలలక్ష్మి కోడిని కోసింది. రోజారాణికి ఉద్యోగం ఖాయమైంది.

జీతం, గది, నైట్ డ్యూటీ, ఇన్‌ఛార్జి కుర్చీ, అన్నీ ఆరా తీసిన రోజారాణి అక్కడ మేట్రను ఎవరని మాత్రం అడగలేదు.