చాంద్ నోట్లో ఆకురాయి

ఆ ఉదయం లక్ష్మయ్య ఆలోచన చాలా చిన్నది. తన గుర్రం చాంద్ నోరు వైద్యుడికి చూపించి, తర్వాత టాంగా కట్టుకుని ఉప్పుగూడ స్టేషనుకు పోవాలి. ఆ రోజుల్లో రైలు దిగినవాళ్లకు టాంగాయే దిక్కు. కొన్నాళ్లుగా చాంద్ గడ్డిని నమిలి నమిలి ఉండలుగా కింద పడేస్తోంది. లద్దెలో ఉలవలు ఉలవల్లాగే వస్తున్నాయి. డొక్కలు ఎండిపోయాయి. దిష్టి తగిలిందని అతని భార్య సత్తెమ్మ మిరపకాయలు దిగదుడిచింది. గుర్రాలకు వైద్యం చేసే దస్తగీర్ మాత్రం చాంద్ నాలుకను పక్కకు పట్టి, లోపలికి చూసి తేల్చేశాడు.

"గుర్రం పళ్లు బతికినన్ని దినాలు పెరుగుతనే ఉంటయి లక్ష్మయ్యా. అంచులు కత్తులైనయి, బుగ్గలు కోస్తున్నయి. ఏటేటా చూపియ్యాలె," అంటూ ఆకురాయితో రాకడం మొదలుపెట్టాడు.

లక్ష్మయ్య చాంద్ మెడ నిమిరాడు. ఇన్నాళ్లూ ఆ పుండు నోట్లోనే కళ్లెం గుంజాడు. అది తల విదిలిస్తే పొగరనుకుని తిట్టాడు.

పక్కింట్లో పాల వ్యాపారం చేసే బాలకిషన్ ఇదంతా గోడ మీదుగా చూశాడు. గుర్రం వయసు పళ్లలో తెలుస్తుందనీ, ముసలి గుర్రాల పళ్లు అరగదీసి పడుచువని అంటగడతారనీ అతను విని ఉన్నాడు. లక్ష్మయ్య మొహమాటపడి అమ్మకం సంగతి చెప్పడం లేదనుకున్నాడు. పాపం, సాయం చేద్దామని బయలుదేరాడు.

పొద్దెక్కేసరికి బేగంబజార్ కిరాణా సేఠ్ ఒకడు పలుపుతో సహా వాకిట్లో దిగాడు. వెనక బాలకిషన్, ఆ వెనక గల్లీ జనం. వాళ్లలో టాంగా లైసెన్సుల దఫ్తర్‌లో పనిచేసే బాబురావు కూడా ఉన్నాడు.

"నీ తరఫున మాట ఇచ్చిన అన్నా," అన్నాడు బాలకిషన్.

"ఎవలడిగిన్రు నిన్ను? నేను అమ్ముతలేను."

"ధర కోసం గట్లనే అంటడు సేఠ్," అని బాలకిషన్ సర్దిచెప్పాడు. సేఠ్ ధర పెంచాడు. లక్ష్మయ్య మళ్లీ కాదన్నాడు. సేఠ్ మళ్లీ పెంచాడు.

ఈ లొల్లికి సత్తెమ్మ బయటికొచ్చింది. "నాకు తెల్వకుండ చాంద్‌ను అమ్ముతున్నవా? బిడ్డ లెక్క సాదిన దాన్ని. అది పోతే నేను మా అవ్వగారింటికి పోత."

"నేను అమ్ముతలేనే."

"మరి పలుపెందుకొచ్చింది?"

సేఠ్ ఆ పలుపును చాంద్ మెడకు వేయబోయాడు. ఇక ఈ బేరాన్ని చెడగొట్టే మాట ఒక్కటే ఉంది, అది బాబురావు ముందు అనకూడని మాట. ముసలి గుర్రానికి లైసెన్సు ఇవ్వరని, దఫ్తర్‌కు పోయినప్పుడల్లా లక్ష్మయ్య చాంద్‌కు పన్నెండేళ్లని చెబుతూ వచ్చాడు. ఆ పన్నెండు ఎప్పటికీ పదమూడు కాలేదు. చాంద్ వచ్చి అతని భుజానికి ముక్కు రాసింది.

"ఇరవై రెండేండ్లు దీనికి," అన్నాడు లక్ష్మయ్య. "పళ్లు రాకిచ్చింది తిననీకి, అమ్మనీకి కాదు."

సేఠ్ పలుపు చుట్టుకుని, బాలకిషన్‌ను ఒక చూపు చూసి వెళ్లిపోయాడు. బాబురావు మాత్రం కదల్లేదు.

"మరి పన్నెండంటివి కద లక్ష్మయ్యా?"

"అబద్ధం చెప్పిన," అన్నాడు లక్ష్మయ్య.

"గీ వయసు గుర్రానికి టాంగా కట్టనియ్య. రేపొచ్చి లైసెన్సు దఫ్తర్‌ల ఇచ్చెయ్."

అందరూ పోయాక సత్తెమ్మ నానబెట్టిన తవుడు తెచ్చి పెట్టింది. చాంద్ రెండు దవడలతో నమిలింది, ఒక్క ముద్ద కింద పడలేదు. అది చూస్తుంటే లక్ష్మయ్యకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి.

"ఇంక మనకెట్లనయ్యా?" అంది సత్తెమ్మ.

"ముందు దాన్ని తిననీ," అన్నాడు.

మర్నాడు దఫ్తర్‌లో లైసెన్సు ఇచ్చేసి, ఉస్మాన్‌గంజ్ బజారులో లక్ష్మయ్య మూటలు మోయసాగాడు. చాంద్ ఇంటిపట్టున ఉండి తింటోంది.