కడుపులోని ఎనిమిదింటికి ముఖచిత్రాలు

ఒక ఎలుకను ఒక భవనం నుంచి ఎదురు భవనానికి తీసుకెళ్లడం కన్నా మనిషి దేశం దాటడమే తేలికని అనుభవజ్ఞులు చెబుతారు. (దేశం దాటేవాళ్ల కడుపులో ఉన్నవాళ్ల ఫొటో ఎవరూ అడగరు.)

పరిశోధనశాలలో ఎలుకల గది చూసే పెద్దక్క మాత్రం సంచి సర్దుతోంది. గాలి రంధ్రాల డబ్బా, గుప్పెడు మేత, నీళ్లసీసా, గూటికి దూది. రోడ్డు దాటడానికి ఇంత సామానెందుకని అందరూ నవ్వారు. వెళ్లేవాళ్లకు ఏది తక్కువైనా ఉండిపోయినవాళ్లకే మనసు పీకుతుందని ఆమెకు తెలుసు.

ప్రయాణికురాలు నలభై ఒకటో నంబరు ఎలుక, నిండు చూలాలు. దాని వంశంలో ఒక లోపం ఉంది. పిల్లలకు కడుపులోనే పుర్రె ఎముకలు తొందరపడి అతుక్కుపోతాయి, మూతి కురచవుతుంది. అది ఎలా జరుగుతుందో పుట్టకముందే చూడాలని డాక్టరమ్మ తపన. ఎదురు భవనంలో స్కానింగ్ చేయించి, తల్లిని భద్రంగా తిరిగి తెస్తానని పెద్దక్కకు మాటిచ్చింది. పెద్దక్క అరచేతిలో మేత తినే ఎలుక అదొక్కటే మరి.

గేటు దగ్గర ముఖాల అధికారి ఉంటాడు. బయటికి వెళ్లే ప్రతి ప్రాణి ముఖచిత్రమూ పర్మిట్‌కు జతచేయాలి. తల్లికి ఒకటి, కడుపులోవాటికి ఎనిమిది. (ఎనిమిదని తడిమి చెప్పింది పెద్దక్కే. తర్వాత చెంపలు వేసుకుంది.) స్కానింగ్ చేస్తేనే ఆ ముఖాలు కనిపిస్తాయని డాక్టరమ్మ విన్నవించింది. స్కానింగ్‌కు వెళ్లాలంటే ముఖాలు కావాలని అధికారీ అంతే మర్యాదగా విన్నవించాడు. ఫైలు ముఖనిర్ధారణ సంఘానికి వెళ్లింది. సంఘం మూడు రోజులు కూర్చుని, నిబంధన చక్కగానే ఉందని తేల్చింది.

డాక్టరమ్మ ఆ వంశంలో ఇదివరకు పుట్టినవాటి పాత స్కానింగులు చూసి ఎనిమిది కురచ మూతుల బొమ్మలు గీసిచ్చింది. అధికారి స్కేలు పెట్టి కొలిచాడు. గోడమీది నమూనా ఎలుక కన్నా మూతి మూడు మిల్లీమీటర్లు తక్కువ కనుక ఇవి ఎలుకలు కావని రాసి తిప్పి పంపాడు.

"అక్కా, ఇంకొక్క రోజే ఉంది. కనేసిందంటే నా పని గంగలో కలిసినట్టే."

"నువ్వు కూర్చో తల్లీ. ఆయనకు కావలసింది ముఖాలే కదా."

పక్క గదిలోని ఏ లోపమూ లేని ఎలుకను ఫొటో తీయించి, పెద్దక్క ఎనిమిది ప్రతులు అంటించింది. నిమిషంలో ముద్ర పడింది. పుట్టకముందే ఇంత మీసాలా అని అధికారి ముచ్చటపడ్డాడు కూడా.

స్కానింగ్‌లో ఎనిమిది ముఖాలూ స్పష్టంగా పడ్డాయి. ఆ పైన తల్లి నిశ్చింతగా డబ్బాలో, దూది మీదే కనేసింది. తిరుగు దారిలో అధికారి ఫొటోలనూ పిల్లలనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"వెళ్లినవి ఇవి కావమ్మా."

"ఇవే బాబూ. నేనే తీసుకెళ్లాను," అంది డబ్బా పట్టుకుని డాక్టరమ్మ వెంట వెళ్లొచ్చిన పెద్దక్క.

"మరి ఈ ఫొటోలు ఎవరివి?"

నిజం చెబితే డాక్టరమ్మ ఉద్యోగానికే ఎసరు. పెద్దక్క డబ్బాలో దూది సర్దసాగింది. ముక్కూ మొహం తెలియని ఎనిమిది ప్రాణులను లోపలికి రానివ్వలేనని, పర్మిట్ ఒకటే కనుక ఎనిమిది తప్పయితే తొమ్మిదోదీ తప్పేనని అధికారి బాధపడుతూనే రాశాడు. ఎదురు భవనంలో పర్మిట్ చెల్లని జంతువులను సాయంత్రం అయిదు గంటలు దాటి ప్రాణాలతో ఉంచరు. (ఇది పరిశుభ్రతకు సంబంధించిన నిబంధన.)

నలభై ఒకటో నంబరు ఎలుక, దాని ఎనిమిది మంది పిల్లలు తిరిగి రాలేదు. శుక్రవారం, సాయంత్రం అయిదు గంటలు.