కాల్చడం వచ్చునా?

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న పోలీసు స్టేషను, అందులో మూడు తుపాకులు ఉండేవి. ఒకటి హెడ్డు ఎలుగుబంటిది, ఒకటి రైటరు నక్కది, మూడోది కానిస్టేబులు ముంగిసది.

ఎలుగుబంటి ఇరవై ఏళ్లుగా తుపాకీ మోసిందే గాని ఒక్కసారీ పేల్చలేదు. ముంగిస కుందేళ్ల వాడకు కాపలా. దుమ్ములగొండి అటు తొంగిచూస్తే చాలు, దాని చెవి పక్కనుంచి తూటా దూసుకుపోయేది.

ఒకరోజు పెద్ద దొర ఏనుగు నుంచి ఉత్తర్వు వచ్చింది: "సర్టిఫికెట్ లేని పోలీసు తుపాకీ పట్టడం నేరం." వెంట ఒక ఫారం. కాల్చడం వచ్చునా? ఎన్ని కాల్చితిరి? ఎన్ని పాడయ్యెను?

ఎలుగుబంటి ఫారం పట్టుకుని నక్క దగ్గరికి పరుగెత్తింది. "రైటరుగారూ, నా పని అయిపోయింది!"

"ఏం కాల్చాలో ఫారంలో ఉందా, హెడ్డుగారూ?" అంది నక్క.

ఇద్దరూ కుంపటి ముందు కూర్చుని చెరో పది మొక్కజొన్న పొత్తులు కాల్చారు. "పది కాల్చితిని. ఒక్కటీ పాడవలేదు" అని రాసి పంపారు.

ముంగిస పది తూటాలు కాల్చి, "ఒకటి గురి తప్పినది" అని రాసింది.

"పిచ్చిదానా, అంత నిజం ఎవరు రాయమన్నారే?" అని నక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇద్దరికీ సర్టిఫికెట్లు వచ్చాయి. ఒకటి తప్పినందుకు ముంగిసకు రాలేదు, దాని తుపాకీ ఇనప్పెట్టెలోకి వెళ్లింది. పాపం, చేతికర్రతో కాపలాకి వెళ్తే దుమ్ములగొండి పడీ పడీ నవ్వింది. వారంలో రెండు కుందేళ్లు మాయం.

ఇంతలో ఆ ఫారాలకు అంటుకున్న మొక్కజొన్న పీచు దొర కంట పడింది. వెంటనే రెండో ఉత్తర్వు: "సోమవారం వస్తున్నాను. నా ఎదుట తుపాకీ కాల్చి చూపవలెను."

సోమవారం ఏనుగు వచ్చేసరికి రెండు తుపాకులూ కుంపటి మీద ఉన్నాయి. ఎలుగుబంటి విసనకర్రతో విసురుతోంది.

"ఏమిటయ్యా ఇది?"

"కాలుస్తున్నాం దొరా! ఇటువైపు ఇంకా కాలలేదు."

మరిచిపోకముందే చెప్పేస్తాను, ఎలుగుబంటి తుపాకీలో తూటా తియ్యడం మరిచిపోయింది.

ఢాం!

నక్క తోక కొస ఎగిరిపోయింది. ఏనుగు బల్ల కింద దూరబోయి బల్లను నెత్తిన పెట్టుకుని లేచింది.

"మరి మూడో తుపాకీ ఏది?" అంది.

"పెట్టెలో నాది ఉంది దొరా" అంది ముంగిస. "నాకు కాల్చడం వచ్చు. కుందేళ్లు పోతున్నాయి, ఇప్పించండి."

ఏనుగు ఆలోచనలో పడింది. ఆ సర్టిఫికెట్ల మీద సంతకం తనదే. రద్దు చేస్తే తప్పు ఒప్పుకున్నట్టే.

"సరే, తుపాకీ నువ్వే మొయ్యి. తూటాలు మాత్రం సర్టిఫికెట్ ఉన్న హెడ్డు దగ్గరే ఉంటాయి."

"దుమ్ములగొండి వస్తేనో?"

"కాసేపు ఆగమని చెప్పి, హెడ్డుకి కబురంపు."

నీతి: గురి తప్పినా ఫరవాలేదు, ఫారం తప్పకూడదు.