మూడో వంతు మాత్ర

"ఇకపై ఒక్క మాత్ర, ముగ్గురు రోగులు!" అని అస్సాం ఆరోగ్యమంత్రి ఘనకాంత చలిహా ప్రకటించగానే, ముందు వరుస అధికారులు ఆనందబాష్పాలు తుడుచుకున్నారు.

మింగిన బీపీ మాత్రలో చాలా భాగాన్ని పేగుల్లోని ఎంజైములు రక్తంలోకి చేరకముందే విరగ్గొట్టేస్తాయట. పంపరపనస రసం తాగితే అవి పని మానేస్తాయట. ఒక్క మాత్ర మూడు మాత్రలంత పనిచేస్తుంది, జాగ్రత్త అని ఒక డాక్టరు హెచ్చరించాడు. హెచ్చరికలో ఆదాను చూడగలిగినవాడే కదా నాయకుడు!

హేమప్రభకు మాత్రం గుండె జారింది. కొడుకు జతిన్ బ్రహ్మపుత్రలో ఫెర్రీ నడుపుతాడు. అతని బీపీకి సర్కారు మాత్రే గతి. చుక్కాని దగ్గర కళ్లు తిరిగితే? నిండా జనం, మేకలు, మోటారు సైకిళ్లు... నీళ్లమీద తేలే చెప్పులు కూడా ఆమెకు అప్పుడే కనిపించాయి.

"అమ్మా, రోజుకోసారి ముంచుతున్నావు నన్ను!" అన్నాడు జతిన్.

ఆమె ఆసుపత్రి అధికారిని పట్టుకుంది. "బాబూ, అందరి పేగుల్లోనూ ఆ ఎంజైములు ఒకేలా ఉంటాయా?"

"ఉండాలని సర్క్యులర్ ఇచ్చాం బాయిదేవ్," అన్నాడాయన, అక్కను పిలిచినంత మర్యాదగా.

పథకం ప్రారంభోత్సవం నాడు మంత్రిగారి మెడలో గమోసా కండువాలు గడ్డం దాకా పేరుకున్నాయి. రాష్ట్రాన్ని మోసేవారికి బీపీ ఉండదా? తొలి మోతాదు వారిదే. పీఏ పళ్లెంలో మూడో వంతు ముక్క పెట్టాడు.

"ఏమయ్యా, మంత్రికి ముక్కా?" అన్నారు మంత్రిగారు.

నిండు మాత్ర వచ్చింది. మహిళా విభాగం ఒక గ్లాసు రసం ఇచ్చింది. యువజన విభాగం ఊరుకుంటుందా? తోట రైతులు చెంబుతోనే వచ్చారు. ఇంటికొచ్చిన అతిథే కాదనడు, ఓట్లకొచ్చిన అతిథి కాదంటాడా? అన్నీ తాగి, మైకు పట్టుకుని, "ఈ పథకం..." అని మెల్లగా వాలిపోయారు.

"మంత్రిగారు పుట్టిన నేలకు మొక్కుతున్నారు!" అన్నాడు వ్యాఖ్యాత. చప్పట్లు మోగాయి.

"ఏ తల్లి కన్న బిడ్డో, కాళ్లు పైకెత్తండర్రా!" అని అరిచింది హేమప్రభ ఒక్కతే.

ప్రత్యేక విమానం ఆయన్ను ఢిల్లీ ఆసుపత్రికి చేర్చింది. కోలుకున్నారు. మరునాడే కొత్త ఆదేశం వెలువడింది. హేమప్రభ కొడుకు మాత్ర కోసం మందుల కిటికీ దగ్గర చేయి చాచింది.

"నాయనా, రసం తాగాల్సిందేనా?"

"ప్రమాదమని మంత్రిగారు స్వయంగా తేల్చారు. రసం రద్దు."

"బతికించారు! మరి మాత్ర?"

కాంపౌండరు ఆమె అరచేతిలో ముక్క పెట్టాడు.

"ఇది మూడో వంతే కదా బాబూ?"

"పథకం రద్దు కాలేదు బాయిదేవ్. జరగండి, వెనకాల జనం ఉన్నారు."

రేవులో జతిన్ ఫెర్రీ, నిండా జనంతో, కూత వేసింది.