పసుపు గీత పట్టాభిషేకం

హారన్ల ఘోషలో ఇంకను చెవులు మిగిలియున్న పుణ్యాత్ములారా, ఆలకింపుడు! కాలము గ్రీష్మము, వేళ ప్రాతఃకాలము, రంగస్థలము మూడంతస్తుల వాణిజ్య భవనము ముంగిట ఎనుబది నాలుగు కార్లకు సరిపడు తారునేల. అచ్చట ఒకప్పుడు గీతలుండెడివి. ఇప్పుడు లేవు. ఈ కథ ఆ లేమినుండి పుట్టినది.

ఆ నేలకు ఏకైక రక్షకుడు, ఈలాయుధుడు, నారింజవర్ణ కంచుకధారి, అజేయ విక్రముడు పార్కింగు సూపర్వైజరు. అజేయుడనుట మాట వరసకే లెండి. పోయిన యేడు ఎవరినీ అడుగక, నేలనైనా కడుగక, చవక రంగు తెచ్చి ఆయన గీయించిన గీతలు మూడు నెలలకే అంతర్ధానమైనవి. నాటినుండి కార్లు సంతలో గొడ్లవలె ఎటు పడిన నటు నిలువసాగినవి. వానిలో మందుల కొట్టాయన తెల్లకారు మఱీ ఘోరము. రెండు కార్ల చోటున అడ్డముగా పవళించి, సాయంకాలము దాక మెదలదు. అడిగినచో ఆయన నవ్వి, "గీత ఏదయ్యా? చూపించు, అందులోనే పెడతాను" అని పోయెడివాడు. ఆ నవ్వు తలంపునకు వచ్చినప్పుడెల్ల సూపర్వైజరునకు అన్నము సహించెడిది కాదు.

దానికి తోడు భవన యజమాని శాసనము వెలువడెను: "ఇదే ఆఖరు. ఈసారి కూడా గీతలు చెరిగిపోయాయంటే పార్కింగు బయటి కంపెనీకి ఇచ్చేస్తా. నువ్వు ఇంకో పని చూసుకో." పదునొకండేండ్ల కొలువు ఆ గీతల పాలబడెను.

అంతట ముగ్గురు వర్తక వీరులు రంగమున దిగిరి. "అర్ధఘటికలో ఆరి, అపరంజి కాంతులు చిమ్మునట్టి నా రంగుండ నన్యములేల?" అని మొదటివాడు డబ్బా మీద చఱచెను. "ద్విశత ఉష్ణాంశముల అగ్నిలో కరగి, నేలను కౌగిలించి, ఏండ్లకేండ్లు వీడనట్టి నా థర్మోప్లాస్టిక్ ముందు నీ నీళ్ల రంగెంత, నీవెంత?" అని పొయ్యిబండి తెచ్చిన రెండవవాడు మీసము దువ్వెను. "పొగ లేదు, పొయ్యి లేదు, విప్పి అంటించుటే!" అని మూడవవాడు పసుపు టేపుచుట్టను చక్రాయుధమువలె త్రిప్పెను. యథార్థమునకు ముగ్గురును పలికినది "మాదే మంచిది సార్, నమ్మండి" అని మాత్రమే. వినిన చెవులు సూపర్వైజరువి. ఎవరు మాటలాడిన వారిదే నిజమని తోచుట ఆయనకు పుట్టుకతో వచ్చిన రోగము.

ఆయన అక్క, ఆ భవనముననే మేడమెట్ల క్రింద కుట్టుమిషను త్రొక్కునది, ఈ సందిగ్ధ సంకటమును చూచి, నోటిలోని గుండుసూది తీసి పలికెను: "ఒరేయ్, కొత్త గుడ్డ చేతికొస్తే నేనేం చేస్తాను? ముందు చిన్న ముక్క తడిపి చూస్తాను. రంగు పోతుందా, కుంచించుకుపోతుందా అని. నువ్వూ మూడింటితో తలో గీత గీయించు. నెల తర్వాత ఏది నిలిస్తే అది తీసుకో."

ఆహా, ఏమి ఉపదేశము! సూపర్వైజరు గేటు ముంగిట నేలను సబ్బునీటితో ముమ్మారు కడిగించి, మూడు గీతలు గీయించెను. గీయుటకు ముందు పనివారు చెయ్యి కుదుర్చుకొనుటకై, కార్లు మలుపు తిరిగి బయటికి పోవు స్తంభము ప్రక్కన మూడింటితోను మూరెడేసి గీసి చూచుకొనిరి. అవి పాము ప్రాకినట్లు వంకరలు తిరుగగా, "ఛీ, అవేం గీతలు" అని మన వీరుడు మొగము త్రిప్పుకొనెను.

కాని గేటు ముంగిటి గీతల సంగతి వేఱు! వానిని కన్నబిడ్డలవలె సాకెను. చుట్టును కోన్లు నిలిపెను, త్రాడు కట్టెను, ఉదయముననే పాతగుడ్డతో తుడిచెను. ఒకనాడొక స్కూటరు అటు తిరుగగా, "నిలు నిలు, ద్విచక్రారూఢుడా! మదీయ రేఖాత్రయమును స్పృశించితివేని నీ చక్రద్వయమును దిగంతములకు విసరివైతును!" అని మనసున గర్జించి, పైకి మాత్రము "బాబూ, పక్కనుంచి, కాస్త పక్కనుంచి!" అని ఈల వేసెను. పండ్రెండవనాడు మందుల కొట్టాయన కారు చక్రమునకు ఏదో పసుపు పీలిక చుట్టుకొని టపటప కొట్టుకొనుచు పోయెను. ఏదో చెత్తయని సూపర్వైజరు పట్టించుకొనలేదు.

ముప్పదవనాడు యజమాని వేంచేసెను. కోన్ల నడుమ మూడు గీతలును పెండ్లికూతుండ్రవలె నిగనిగలాడుచుండెను.

"భలే ఉన్నాయయ్యా. ఇంతకీ ఏది మంచిది?"

"మూడూ మంచివేనండి."

"మూడూ ఎలా మంచివవుతాయి?"

మెడలో కొలత టేపు వ్రేలాడ అక్కయు వచ్చి చూచెను. చూచి, నడుమున చేయి పెట్టుకొనెను. "ఒరేయ్, వీటి మీదకి ఒక్క బండైనా ఎక్కిందా?"

"ఎక్కనిస్తానా అక్కా! నెల రోజులు కంటికి రెప్పలా కాచాను."

"తొడగని చొక్కా చిరుగుతుందట్రా?"

హతవిధీ! మూఢభక్తి ఎంత పని చేసెను! యజమాని జేబునుండి ఫోను తీసి, కంపెనీవారి నంబరు వెదకసాగెను. మన వీరుడు మొదలు నరికిన చెట్టువలె పోయి పోయి ఆ మలుపు స్తంభము ప్రక్కన కూలబడెను. కన్నీరు నిండిన కన్నులతో నేలను చూచెను. మఱల చూచెను. తన రెండు బూట్ల నడుమ ఏదో నల్లని వంకర గీత!

ఔరా! నెల దినములుగా ఎనుబది నాలుగు కార్లును మలుపు తిరుగుచు నలిపి నుగ్గాడిన చోటది. టేపున్న చోట ఉత్త జిగురు మరక. ఆ టేపేదో పండ్రెండవనాడే మందుల కొట్టాయన చక్రమెక్కి ఊరేగెను గదా. రంగున్న చోట పలుచని ఛాయ, కనుపించియు కనుపించనట్లు. కాని మిగిలినది, అగ్నిలో కరగి పుట్టిన థర్మోప్లాస్టిక్, టైర్ల మసి పూసికొనియు అంచు చెదరక నిలిచియుండెను. ఆయన చొక్కా కొసతో రుద్దెను. పసుపు తళుక్కుమనెను.

"అక్కా! సార్! ఇటు రండి! దీన్ని అందరూ తొక్కారు! నేనొక్కణ్ణే చూళ్లేదు!"

యజమాని వంగి, గోటితో గీకి చూచెను. ఊడలేదు. తాళపుచెవితో గ్రుచ్చి చూచెను. ఊడలేదు. ఫోను జేబులో వేసికొని, "సరే, ఇదే వేయించు. నేల మాత్రం మొత్తం కడిగించు" అనెను. అంత పెద్దవాడు అంత చిన్న మాట అనగా మన వీరుడు పసివానివలె వెక్కి వెక్కి యేడ్చెను.

వారము తిరిగెను. ఎనుబది నాలుగు చోట్లును హరిద్రారేఖలతో వెలుగుచుండ, ఉదయము పదిగంటలకు తెల్లకారు గేటు దాటెను. సూపర్వైజరు ఈల నోట బెట్టుకొని ఊదుట మఱచెను. మందుల కొట్టాయన అలవాటు చొప్పున అడ్డముగా నిలిపి, దిగి, నేలను చూచి తల గోకికొనెను. గీత ఏదని అడుగుటకు ఇక సాకు లేదు. మఱల ఎక్కెను. వెనుకకు పోయెను, ముందుకు వచ్చెను, నాలుక కొఱుకుకొని మఱల వెనుకకు పోయెను.

అక్క కుట్టుపని విడిచి వచ్చి, మెడలోని టేపు తీసి, కారునకు ఇరువైపుల గీతదాక కొలిచెను.

"ఇటు పద్నాలుగు అంగుళాలు. అటు పద్నాలుగు. చక్కగా కుదిరింది రా."

దిక్కులారా, వినుడు! ఒక కారు, ఒకే కారు చోటున నిలిచెను!