గౌరమ్మ పళ్లెంలో నాలుగు గిన్నెలు

ధనరాజ్ ఆ ఆదివారం తెల్లవారుతూనే పానా పట్టుకుని వాకిట్లోకి దిగాడు. తాండూరులో కందుల వ్యాపారం చేసుకునే మనిషి పానా పట్టాడంటే ఇంట్లోవాళ్లకు గుండె దడే. పదకొండు నలభైకి వికారాబాద్‌లో బావమరిది వినయ్ గృహప్రవేశం. కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఆడబిడ్డ, అంటే ధనరాజ్ భార్య వైశాలి. రైల్లో పోదామని ఆమె అంటే ఇతను ఒప్పుకోలేదు. తాత కొన్న కారులోనే దింపుతానన్నాడు. ఎందుకంటే, "బావ కారు ధారూర్‌ల ఉన్నప్పుడే మాకు ఇనవడ్తది" అని, దారిలోని ఊరి పేరు చెప్పి వినయ్ ప్రతి పండక్కీ పదిమందిలో నవ్వుతాడు.

ఆ చప్పుడంతా వెనక చక్రాలను తిప్పే ఇరుసు కడ్డీల్లో అరిగిపోయిన కీళ్లది. మెకానిక్కులు వాటిని క్రాస్‌లంటారు. కూడిక గుర్తులాంటి ఇనుప ముక్క, దాని నాలుగు కొనలకూ తొడిగిన, లోపల సన్నటి ఉక్కు సూదులు పేర్చిన నాలుగు చిట్టి ఉక్కు గిన్నెలు. ఆ సూదుల మీదే కీలు తిరుగుతుంది. కొత్తవి రెండు హైదరాబాద్ నుంచి తెప్పించడానికి నెల పట్టింది.

ఎడమ పక్కది గంటన్నరలో అయిపోయింది. చక్రం చేత్తో తిప్పితే కిక్కురుమనలేదు. సంబరం పట్టలేక భార్యను పిలిచి మూడుసార్లు తిప్పి చూపించాడు. వైశాలి గడియారం వైపు చూసింది.

కుడి పక్కన పాత గిన్నెలు మొండికేశాయి. సుత్తితో నాలుగు మోదేసరికి ముక్కలయ్యాయి. పోతే పోనీ, కొత్తవున్నాయి కదా! వాటిని విప్పి, దుమ్ము పడకుండా వంటింటి గట్టు మీద స్టీలు పళ్లెంలో పెట్టి, గ్రీజు డబ్బా కోసం దుకాణంలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పళ్లెమూ లేదు, గిన్నెలూ లేవు.

తల్లి గౌరమ్మను అడుగుదామంటే, అతని తండ్రితో కలిసి అప్పుడే రైలుకు వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే ఆమె దిండు కిందే మోగింది. ధనరాజ్ ముందు ఎలుకను అనుమానించాడు, తర్వాత పిల్లిని, చివరికి పనిమనిషి పద్మమ్మను. పద్మమ్మ చీపురు పడేసి వెళ్లిపోయింది. ఆమెను బతిమాలడానికి ఇతను వీధి చివరిదాకా పరుగెత్తాడు. తిరిగొచ్చి గేటు వేస్తుండగా జాకీ జారి కారు గేటు మీదికి ఒరిగింది. ఇక గేటు తెరుచుకోదు, లోపలున్న స్కూటరూ బయటికి రాదు.

అప్పటికి పది. వైశాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కగానొక్క తమ్ముడు. నా చేతుల మీద పాలు పొంగకుంటే మళ్ల వాని ముఖం ఎట్ల చూడాలె? కారు మీది, పాలు నావి. నేను పోతున్న" అంది.

పట్టుచీరతో ఆమె, గ్రీజు చేతులతో ఇతను గేటెక్కి దూకారు. ఆటో, రైలు, మళ్లీ ఆటో. దారి పొడవునా ధనరాజ్ తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. పదకొండు ముప్పై ఎనిమిదికి గడప తొక్కారు. నలభైకి పాలు పొంగాయి. అప్పుడు నవ్వింది వైశాలి.

ధనరాజ్ ఊపిరి పీల్చుకుని దేవుడి వైపు తిరిగాడు. అక్కడ పళ్లెంలో తళతళలాడుతున్నాయి నాలుగు గిన్నెలు. ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో కుంకుమ, మిగతా రెంటిలో గంధం, అక్షతలు.

"చింతపండు పెట్టి తోమిన కొడుకా," అంది గౌరమ్మ గర్వంగా. "లోపల జిడ్డు, జీలకర్ర లెక్క సన్న సన్న సూదులు. అన్ని కడిగి పారబోసిన."

ధనరాజ్ చెయ్యి చాపబోతే పూజారి ఆపాడు. పూజలో పెట్టినవి ఇక ఈ ఇంటి దేవుడి గదిలోనే ఉండాలన్నాడు. అంతలో వినయ్ వచ్చి బావను గట్టిగా కావలించుకున్నాడు.

"ఇన్ని దినాలు నీ కారును చూసి నవ్విన, మాఫ్ చెయ్యి బావా. గిసుంటి భరిణెలు మాకు ఎవ్వరియ్యలే. యాడ కొన్నవ్?"

ధనరాజ్ గ్రీజు చేతులు వెనక్కి దాచుకున్నాడు. వైశాలే అందుకుంది. "హైదరాబాద్‌ల. నెల రోజులు తిప్పలు పడి తెప్పిచ్చిండ్రు."

కారు ఈరోజుకీ గేటు మీదే ఒరిగి ఉంది. దాని సామానులో రోజూ పనిలో ఉన్నవి వినయ్ దేవుడి గదిలోని ఆ నాలుగు గిన్నెలే, అదీ చప్పుడు చేయకుండా.