మంత్రిగారి కాలికి అందని నేల

సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు రోడ్ల శాఖ మంత్రి తనకు మోటార్ సైకిల్ నడపడం రాదని ప్రకటించారు. ముందు వరుసలో ఉన్న అధికారులు చప్పట్లు కొట్టారు. రానిదాన్ని రాదని చెప్పడం ఆ శాఖలో అదే మొదటిసారి కాబట్టి విలేకరులం మేమూ రాసుకున్నాం.

"రాదు కాబట్టే నేర్చుకుంటాను," అన్నారు మంత్రి. "కొండ మీది ఊరి రోడ్డు బాగాలేదని తొమ్మిదేళ్లుగా అర్జీలు వస్తున్నాయి. కారులో కూర్చుంటే రోడ్డు గోడు వినపడదు. బండి నేనే నడుపుకుంటూ వెళ్లి చూస్తాను. చూశాకే మరమ్మతు."

ఆ అర్జీలన్నీ రాసింది ఒక్క మనిషి, ఆ ఊరి నర్సు. ఆ రోజు పన్నెండో అర్జీ ఒళ్లో పెట్టుకుని వెనక వరుసలో కూర్చుంది. ఎనిమిది కిలోమీటర్ల ఆ దారిలో, ఆస్పత్రి చేరకముందే, ఆమె చేతుల్లో ఇద్దరు పిల్లలు పుట్టారు.

"ఎప్పుడొస్తారు సార్?" అని అడిగింది.

"బండి ఎంచుకోగానే."

"వానల్లోపు ఎంచుకుంటారా?"

"బండి ఎంచుకోవడమంటే వంకాయలు ఏరుకోవడమా అమ్మా?" అన్నారు మంత్రి. అధికారులు దానికీ చప్పట్లు కొట్టారు.

బండి ఎంపిక సంఘానికి మంత్రిగారి బావమరిది అధ్యక్షుడయ్యారు. ఆయనకు బండి లేదు. నాలుగేళ్లుగా బండ్ల వీడియోలు చూస్తున్నారు. శాఖలో అంత అనుభవం ఇంకెవరికీ లేదని చీఫ్ ఇంజనీరు నాతో చెప్పారు.

మొదటి సమావేశానికి నన్నూ రానిచ్చారు.

"కొత్తగా నేర్చుకునేవాళ్లకి నూట పాతిక సీసీ చాలంటారు బావా," అన్నారు బావమరిది. "తేలిగ్గా ఉంటుంది."

"పర్యాటక మంత్రి అల్లుడిది ఎంత?"

"మూడు వందల తొంభై."

"అయితే నాలుగు వందలకి తగ్గడానికి వీల్లేదు."

"ఎనిమిది వందలది తీసుకుందామా?"

"ప్రధానిగారి అబ్బాయిది ఎంత?"

"ఐదు వందలు."

"మరి నన్ను పదవిలో ఉండమంటావా, పొమ్మంటావా?"

అలా నాలుగు వందల యాభై సీసీ అడ్వెంచర్ బండి ఖాయమైంది. తొలి బండిగా మధ్యస్థమైనదే క్షేమమని సంఘం నిర్ధారించినట్టు పత్రికా ప్రకటనలో ఉంది.

ఆ రకంలో మూడు మోడళ్లున్నాయి. చక్రానికి పుల్లలుండాలా, అచ్చు పోసిన చక్రం కావాలా అన్నదానికి రెండు వారాలు పట్టింది. ముందు గాలిని ఆపే అద్దం ఎత్తుకి ఒక వారం. నాలుగో వారం నర్సును పిలిచి అభిప్రాయం అడిగారు. ఆరోగ్య కేంద్రం వాళ్లిచ్చిన పాత గేర్ల బండి మీద ఆమె రోజూ ఆ కొండ ఎక్కి దిగుతుంది.

"పడిపోతే సార్ ఒక్కరే లేపగలరా?" అంది.

మంత్రిగారు పడిపోతారని సమావేశం మినిట్స్‌లో రాయడం కుదరదని చీఫ్ ఇంజనీరు వివరించారు.

"కొత్తలో అందరూ పడతారండీ. నేనూ పడ్డాను."

"నువ్వు ఎన్నిసార్లైనా పడొచ్చమ్మా," అన్నారు బావమరిది. "నీ వెనక కెమెరా లేదుగా."

బండి వచ్చింది. బరువు నూట తొంభై కిలోలు. సీటు ఎత్తు ముప్పై మూడు అంగుళాలు. ఇద్దరు పట్టుకోగా మంత్రి ఎక్కి కూర్చున్నారు. రెండు కాళ్లూ గాల్లో ఉన్నాయి.

"నేల అందట్లేదేంట్రా?"

"అందితే అడ్వెంచర్ ఏముంది బావా?"

"సీటు కొంచెం దించుకోవచ్చు సార్," అన్నారు చీఫ్ ఇంజనీరు.

"ఎన్నికల ముందు నా సీటు దించుతానంటావేంటయ్యా?"

చీఫ్ ఇంజనీరు టేపు తీసి మంత్రిగారి కాలికీ నేలకీ మధ్య కొలిచారు. "అయితే నేలనే ఎత్తుదాం సార్."

మంత్రి ఆగే అవకాశమున్న చోట్లు గుర్తించి, కొండ దారి పొడవునా ఎడమ పక్కన అర అడుగు ఎత్తున పదకొండు సిమెంటు దిమ్మెలు కట్టారు. రోడ్డుకి టెండరు పిలవాలి. దిమ్మెకి అక్కర్లేదు. పది రోజుల్లో పని పూర్తయింది. ఆ పది రోజుల్లోనే వానలూ మొదలయ్యాయి.

నర్సుకు ఫోన్ చేశాను. "గుంతలు గుంతల్లాగే ఉన్నాయండీ," అంది. "పక్కన అరుగులు లేచాయి. ఆ సిమెంటు పోస్తే మూడో మలుపు పూడిపోయేది."

శనివారం ఉదయం ఎనిమిది గంటలకు మంత్రి బయలుదేరారు. హెల్మెట్, మోకాలి కవచాలు, మోచేతి కవచాలు తొడగడానికి నలభై నిమిషాలు పట్టింది. నడిచి వస్తున్న కెమెరామన్లు ఆయన్ని రెండుసార్లు దాటిపోయి, వెనక్కి వచ్చారు. మొదటి దిమ్మె దగ్గర ఆగబోయారు. దిమ్మె మూరెడు దూరంలో ఉండగా కాలు దించారు. బండి, మంత్రి ఒకే వైపు ఒరిగారు. బండిని ఐదుగురు లేపారు. మంత్రిని ముగ్గురు.

"పడ్డారా సార్?" అని అడిగాను.

"రోడ్డును దగ్గర నుంచి పరిశీలించాను," అన్నారు. అదే రాసుకున్నాను.

అప్పటికే నర్సు తన పాత బండితో వెనక నిలబడి ఉంది. పైన ఊళ్లో పిల్లలకి టీకాలు వేయాలి. దారికి అడ్డంగా బండి ఉంది.

"నేను తీస్తాను, తప్పుకోండి," అని ఎక్కి కూర్చుంది. ఆమెదీ మంత్రిగారి ఎత్తే. ఒక పక్కకి జరిగి ఒక కాలు నేల మీద పెట్టింది. "రెండు కాళ్లూ ఎందుకు సార్? ఒకటి చాలు."

"బావా, మీరు వెనక కూర్చోండి," అన్నారు బావమరిది. "వెనక కూర్చున్నా వెళ్లినట్టే."

నర్సు ఒక్క క్షణం ఆగింది. "ఎక్కండి సార్. మూడో మలుపు మీ కళ్లతో చూద్దురుగాని."

టీకాల పెట్టె మంత్రిగారి ఒళ్లో పెట్టింది. తన పాత బండి తాళం నాకిచ్చింది. నేను వెనకాలే వెళ్లాను.

మూడో మలుపులో నీళ్లు చక్రం సగానికి వచ్చాయి.

"కళ్లు తెరవండి సార్, ఇదే!"

"తెరిచే ఉన్నాయమ్మా!"

ఆయన కళ్లు మూసుకునే ఉన్నాయి. నేను అప్పటికి బండి జారి ఆ పక్కనే పడి ఉన్నాను కాబట్టి చూశాను.

నలభై రెండు నిమిషాల్లో ఊరు చేరారు. మంత్రి దిగి, ఆరోగ్య కేంద్రం గోడ పట్టుకుని నిలబడ్డారు.

"చూశారుగా సార్, రోడ్డు," అంది నర్సు.

"చూశానమ్మా. దారిలో ఎక్కడైనా కాలు కింద పెట్టావా?"

"లేదు సార్. పెడితే మీరు జారిపోతారని."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా లేదు సార్."

మంత్రి తల ఊపారు. చీఫ్ ఇంజనీరు రెండు గంటల తర్వాత నడుచుకుంటూ వచ్చారు. "రాసుకోవయ్యా," అన్నారు మంత్రి.

మంగళవారం ఉత్తర్వు వెలువడింది. "మంత్రివర్యులు మోటార్ సైకిల్‌పై స్వయంగా తనిఖీ చేశారు. ఒక మహిళా ఉద్యోగి, వెనుక తొంభై రెండు కిలోల బరువుతో, వానలో, ఎక్కడా కాలు మోపకుండా గమ్యం చేరుకున్నారు. కావున సదరు రోడ్డుకు మరమ్మతు అవసరం లేదు." రెండో పేరాలో నర్సుకు ప్రశంసాపత్రం ప్రకటించారు. శుక్రవారం పది గంటలకు శాఖ కార్యాలయానికి వచ్చి తీసుకోవాలి.

ఆమె పదకొండు నలభైకి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. ఆలస్యంగా వచ్చినవాళ్లు రాయాల్సిన రిజిస్టరును గుమాస్తా ముందుకు జరిపాడు. కారణం అన్న గడిలో ఆమె "రోడ్డు" అని రాసి సంతకం చేసింది.

గుమాస్తా మంగళవారం ఉత్తర్వు తీసి చదివాడు. ఆ మాట కొట్టేసి, పైన "సొంత కారణాలు" అని రాశాడు.